నీలం తొట్టిలో అడుగులు

మీరు నమ్మకపోయినా నేనేమీ అనుకోను. నమ్మించడానికి నా దగ్గర సాక్ష్యం లేదు. ఒక్క మాట మాత్రం ముందే చెబుతాను... ఆ రాత్రి నేను చుక్క ముట్టలేదు. ఒంట్లో జ్వరం లేదు. నిద్రమత్తు కూడా లేదు, మధ్యాహ్నం రెండు గంటలు పడుకుని లేచాను కాబట్టి. నా బిడ్డల తల మీద చెయ్యి పెట్టి చెప్పమన్నా ఇదే చెబుతాను. చూసింది చూసినట్టు. విన్నది విన్నట్టు.

డెబ్భై ఎనిమిదో, తొమ్మిదో సంవత్సరం. చిత్తూరులో నాకొక చిన్న మోటారు మెకానిక్ షాపు ఉండేది. బావి మోటార్లు విప్పడం, వైండింగ్ కట్టడం, పైపులు బిగించడం. ఒక ఎండాకాలం బంగారుపాళ్యం దగ్గరి మామిడి తోట యజమాని దామోదరం గారు కబురు పెట్టారు. అంతకు ముందు ఆయన బావి మోటారు రెండు మూడు సార్లు బాగుచేశాను. భార్య, ఒక్కగానొక్క కూతురితో తోటలోనే మిద్దె కట్టుకుని ఉండేవారు.

ఆ కూతురు పద్మజ. పదకొండేళ్ళు. మూడో ఏట జ్వరమొచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడిపోయాయి. ఎడమ కాలు కొంచెం నయం. కుడి కాలు ఈడ్చాల్సిందే. గోడ పట్టుకుని నాలుగడుగులు వేసేది, ఐదో అడుగుకి కూలబడేది. నీళ్ళు మనిషి బరువును సగం మోస్తాయి, రోజూ నడుము లోతు నీళ్ళలో నడిపిస్తే కాళ్ళకు బలం రావచ్చని వేలూరులో ఒక డాక్టరు చెప్పాడట. అప్పటి నుంచి ఆ తండ్రికి అదే ధ్యాస.

నేను వెళ్ళేసరికి ఇంటి వెనక, చెట్ల మధ్య చదును చేసిన నేల మీద ఒక పెద్ద చెక్కపెట్టె ఉంది. మద్రాసులో ఎవరో దొర కుటుంబం దేశం వదిలి పోతూ అమ్మేసిన ఈత తొట్టి సామానట. తెలిసినవాళ్ళ ద్వారా తెప్పించారు.

"నేల తవ్వే పని లేదంట మునిరత్నం. నేల మిందనే నిలబెట్టేదంట. కమ్మీలు మేం నిలబెడతాం. ఈ పైపులు యాడియాడ తగిలించాల్నో మాత్రం మాకెవురికీ తెలీలే. నువ్వే సూడాల," అన్నారు దామోదరం గారు.

పెట్టెలో మందమైన నీలం రబ్బరు గుడ్డ. అది వేలాడడానికి గుండ్రంగా నిలబెట్టే ఇనప కమ్మీలు పది. ఒక చిన్న మోటారు. ఇసక నింపే డ్రమ్ము. ఏనుగు తొండంలా ముడతలు ముడతలుగా మూడు పైపులు. తొట్టిలోకి దిగడానికి ఒక చిన్న నిచ్చెన. ఎలా బిగించాలో చూపించే ఒక బొమ్మల కాగితం. గోడంటూ ఏమీ లేదు. కమ్మీకీ కమ్మీకీ మధ్య ఉత్త గుడ్డే. ఆ గుడ్డకు ఒకచోట నిలువుగా రబ్బరు అతుకు వేసి ఉంది. లారీలో చిరిగిందేమో అనుకున్నాను.

సాయంత్రం దాకా ఆ పని మీదే ఉన్నాం. పద్మజ నులకమంచం మీద కూర్చుని అన్నీ అడిగేది.

"అన్నా, ఇది యాడికి పోతాది?"

"ఈ పైపు తొట్లో నీళ్ళు లాగి మోటారుకిస్తాదమ్మా. మోటారు ఇసక డ్రమ్ములోకి తోస్తాది. మురికంతా ఇసకలో నిలిచిపోతాది. మంచి నీళ్ళు ఈ మూడో పైపులో తిరిగొచ్చి మళ్ళా తొట్లోనే పడతాయి."

"అయితే ఆ నీళ్ళే తిరగతా ఉంటాయా?"

"అవును."

"నేను గూడా వాటి ఎనకాలే తిరగతా ఉంటాలే," అంది. తండ్రి పక్కకు తిరిగి తువాలుతో ముఖం తుడుచుకున్నారు.

తెల్లారాక పసుపు కుంకుమ పెట్టి బిడ్డను నీళ్ళలో దింపాలని వాళ్ళ తీర్మానం. కానీ తొట్టి నిండాలంటే బావి మోటారు ఆడాలి. మోటారు ఆడే కరెంటు ఆ రోజుల్లో రాత్రి పదకొండుకి గానీ వచ్చేది కాదు. అందుకే నేను రాత్రికి అక్కడే ఉండిపోయాను. తోట కాపలా గంగన్న ఉన్నాడు గానీ, కాయల కాలం కదా, అతను రోడ్డు వైపు గేటు దగ్గర ఉంటాడు. ఇల్లు నూరు గజాల దూరం. తొట్టి దగ్గర నేనొక్కణ్ణే.

పదకొండు దాటాక కరెంటు వచ్చింది. బావి నీళ్ళు దబదబా పడ్డాయి. గుడ్డ ముడతలన్నీ ఒక్కొక్కటే విడిపోయి, తొట్టి పొట్ట ఉబ్బినట్టు బిగిసింది. ఒంటిగంటకల్లా నా నడుము పైదాకా నిండింది. బావి మోటారు ఆపి చిన్న మోటారు వేశాను. బాగానే ఆడింది. పైపుల కీళ్ళన్నీ చేత్తో తడిమి చూశాను. ఒక్క చుక్క కారడం లేదు. తొట్టిలో నీళ్ళు నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతున్నాయి. బీడీ ముట్టించాను. సంతోషంగానే ఉంది.

అరగంట తర్వాత కరెంటు పోయింది.

చీకటి... మోటారు చప్పుడు ఆగిపోయేసరికి చెవులు మూసుకుపోయినట్టయింది. దూరంగా బెంగుళూరు రోడ్డు మీద ఎప్పుడో ఒక లారీ. ఎక్కడో ఒక కాయ రాలిన చప్పుడు. అంతే. మంచం మీద నడుం వాల్చాను. కరెంటు వస్తే మళ్ళీ మోటారు వెయ్యాలి కదా అని కళ్ళు తెరుచుకునే ఉన్నాను.

అప్పుడు వినిపించింది.

చ్లప్...

కాయ నీళ్ళలో పడిందనుకున్నాను. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ... చ్లప్. ఆ వెనకే నీళ్ళను లాగుతున్నట్టు ఒక సాగిన చప్పుడు... సర్ర్... మళ్ళీ ఆగింది. చ్లప్... సర్ర్...

మీరెప్పుడైనా నడుము లోతు నీళ్ళలో నడిచారా? ఆ చప్పుడు వేరే దేనికీ రాదు. ఒక అడుగు వెయ్యడం. ఇంకో కాలు ఈడ్చడం.

కుక్క పడిందేమో అనుకున్నాను. టార్చి వేశాను. నీళ్ళ మీద ఏమీ లేదు. నీళ్ళు తిరుగుతున్నాయి, అంతే. మోటారు ఆగాక కూడా కాసేపు అలా తిరుగుతాయి, అది నాకు తెలుసు. కానీ ఈపాటికి నెమ్మదించాలి... నెమ్మదించలేదు.

టార్చిని కిందికి దించాను. అప్పుడు గుడ్డ కనిపించింది.

నాకు ఎదురుగా, రెండు కమ్మీల మధ్య, గుడ్డ బయటికి పొంగింది. అరచేతంత పొంగు. లోపలి నుంచి ఎవరో చెయ్యి ఆనించినట్టు. ఒక క్షణం ఉంది. తగ్గింది. చ్లప్... సర్ర్... పక్క కమ్మీ దాటాక మళ్ళీ పొంగింది. తగ్గింది. ఆ పక్కన మళ్ళీ... ఒక్కో కమ్మీ దాటుకుంటూ, పడిపోకుండా గోడ పట్టుకుని నడుస్తున్నట్టు... ఆ పొంగు తొట్టి చుట్టూ తిరుగుతోంది.

నేను కదల్లేదు. టార్చి మాత్రం దాని వెంటే తిప్పుతున్నాను. అది అటువైపు వెళ్ళింది, కనిపించలేదు. చప్పుడు మాత్రం వస్తోంది. చుట్టి వచ్చి మళ్ళీ నా ముందు నుంచి వెళ్ళింది. ఒక చుట్టు. రెండు. మూడో చుట్టులో... అడుగు పడలేదు.

దభీమని నీళ్ళు కూలిన చప్పుడు.

ఆ తర్వాత కొట్టుకోవడం. నీళ్ళు ఎగిరి నా ముఖం మీద పడ్డాయి. టార్చి వెలుగులో ఒకేచోట నీళ్ళు ఉడికినట్టు లేస్తున్నాయి. అక్కడ ఎవరూ లేరు. చూస్తున్నాను, ఎవరూ లేరు. కానీ అక్కడ ఒక ప్రాణం పోతోంది. దానికి మాత్రం నాకు అనుమానం లేదు.

గంగన్నను పిలిచేంత వ్యవధి లేదు. టార్చి మంచం మీద పడేసి, నిచ్చెనెక్కి లోపలికి దూకాను. రెండు చేతులతో తడిమాను. నీళ్ళే. చల్లటి నీళ్ళు. చప్పుడు నా వీపు వెనక. తిరిగాను. మళ్ళీ వెనకే. ఎటు తిరిగినా అది నాకు ఒక అడుగు వెనకే కొట్టుకుంటోంది. ఎవరికోసం వెతుకుతున్నానో తెలియదు. దొరికితే ఏం చెయ్యాలో తెలియదు. ఆ నీళ్ళలో నిలబడి ఏడ్చాను. సిగ్గుపడడం లేదు చెప్పడానికి.

అప్పుడొక ఆలోచన వచ్చింది. గుడ్డ కోసేస్తే... నీళ్ళన్నీ ఒక్క నిమిషంలో పోతాయి. బయటికి దూకాను. పనిముట్ల సంచిలో రబ్బరు కోసే కత్తి ఉంది. అది తీసుకుని, టార్చి చంకలో ఇరికించుకుని తొట్టి దగ్గరికి వచ్చేసరికి, కింద, నేలకు జానెడు ఎత్తులో గుడ్డ పొంగి ఉంది. ఇందాకటి పొంగే. ఇప్పుడు అడుగున. అక్కడే కొయ్యాలని ఎడమ చెయ్యి ఆనించాను.

చేతికి ఏదో గరుకుగా తగిలింది. వంగి అక్కడే టార్చి వేశాను.

ఆ అతుకు.

జానెడు వెడల్పు, రెండు మూరల పొడవు. పైనుంచి కిందికి, నిలువుగా. దాని అంచు నా అరచేతి కింద ఉంది, కోత ఆనవాలు వేలికి తెలుస్తోంది. రబ్బరుతోనే బతికేవాణ్ణి నేను. చిరిగిందేదో, కోసిందేదో నాకు తెలియదా? లారీలో చిరిగితే వంకర పోతుంది. ఇది గీత గీసినట్టు ఉంది. నిండుగా ఉన్న తొట్టిని... ఎవరో బయట నిలబడి... సరిగ్గా ఇక్కడే... కత్తితో కోశారు.

ఎందుకు కోస్తారు ఎవరైనా? నేనెందుకు కొయ్యబోయాను?

చెయ్యి అలాగే ఉండిపోయింది. కొయ్యలేదు. ఎందుకు కొయ్యలేదో ఇప్పటికీ చెప్పలేను. గుడ్డకు అవతలి వైపు నుంచి ఆ పొంగు నా అరచేతిని నెట్టింది. ఒకసారి... ఇంకోసారి, కొంచెం మెల్లగా... తర్వాత నెట్టలేదు. గుడ్డ మామూలుగా అయిపోయింది. నీళ్ళు నిలిచిపోయాయి.

గంగన్న లాంతరు పట్టుకుని వచ్చేసరికి నేను నేల మీద కూర్చుని ఉన్నానట.

"ఏమప్పా, కరెంటు పొయ్యి ఎంతో సేపాయ, ఈ నీళ్ళ సద్దేంది? గేటు కాడికి ఇనపడతా ఉండాది," అన్నాడు.

అంటే అతనికీ వినిపించింది. నీళ్ళ చప్పుడు మాత్రమే. తర్వాత ఎన్నిసార్లు అడిగినా అంతకు మించి చెప్పలేదు.

ఇంటి వైపు పరుగెత్తాను. కిటికీలోంచి చూస్తే పద్మజ తల్లి పక్కన నిద్రపోతోంది. దుప్పటి గుండెల మీద లేస్తూ పడుతూ ఉంది. అది చాలాసేపు చూస్తూ నిలబడ్డాను.

తెల్లారింది. దామోదరం గారు తలస్నానం చేసి, కూతుర్ని ఎత్తుకుని వచ్చారు. పద్మజ కొత్త గౌను వేసుకుంది. తల్లి చేతిలో హారతి పళ్ళెం. నేనేం చెప్పాలి? రాత్రి మీ తొట్టిలో ఎవరో మునిగిపోయారు, కానీ ఎవరూ లేరు, అని చెప్పాలా?

"మోటారు షాఫ్టు పొయ్యిందన్నా," అన్నాను. "ఆ పార్టు ఈడ దొరకదు. మద్రాసుకి రాయాల."

"దాందేముండాదప్పా. నీళ్ళు తేటగా ఉండాయి గదా. ఈ ఒక్క దినం దింపుదాం."

"గుడ్డ గూడా వదులైందన్నా. బరువుకి తెగిపోతే పాప మింద పడతాది. వద్దు."

నా ముఖం చూశారాయన. హారతి పళ్ళెం లోపలికి తీసుకుపొమ్మని భార్యకు సైగ చేశారు. నేనే వెళ్ళి అడుగున ఉన్న పైపు విప్పాను. నీళ్ళు మామిడి పాదుల్లోకి పారాయి. పద్మజ తండ్రి చంకలోంచి చూస్తూనే ఉంది. తొట్టి సగం ఖాళీ అయ్యాక అడిగింది.

"అన్నా, ఊరికే కాళ్ళన్నా తడుపుకుంటా."

మంచం మీద కూర్చోబెట్టి, పారే పైపు తెచ్చి ఆ కాళ్ళ మీద పట్టాను. సన్నటి కాళ్ళు. ఆమె నవ్వింది. నేను తల ఎత్తలేదు.

మంచిగా ఉన్న మోటారును పాడైందని చెప్పి షాపుకు తెచ్చేశాను. దామోదరం గారు ఆరు నెలలు అడిగారు. పార్టు రాలేదన్నాను. తర్వాత అడగడం మానేశారు. ఆ గుడ్డ ఎండకు పెళుసెక్కి, పగిలిపోయింది. ఆయన మళ్ళీ తొట్టి మాట ఎత్తలేదు.

ఇప్పుడు ఆలోచిస్తే అన్నిటికీ ఏదో ఒక కారణం చెప్పగలను. నీళ్ళు తిరుగుతూ ఉండవచ్చు. గుడ్డ కింద గాలి చిక్కుకుని పొంగుతూ పోయి ఉండవచ్చు. పగలైతే నేనే ఇంకొకరికి అలా చెప్పేవాణ్ణి. రాత్రి పూట చెప్పుకోలేను.

నాలుగేళ్ళ కింద బంగారుపాళ్యం బస్టాండులో ఎవరో "అన్నా" అని పిలిచారు. రెండు చంకల కింద కర్రలతో పద్మజ. బళ్ళో టీచరు పని చేస్తోందట. అమ్మా నాయనా బాగున్నారంది. చిత్తూరు బస్సు వచ్చేలోపు అడిగింది.

"అంత పని చేసినారు గదన్నా, ఆ తొట్టి మళ్ళా ఎందుకు బాగుచెయ్యలే?"

"పార్టు దొరకలేదమ్మా," అన్నాను.

"సరేలే," అంది. కోపంగా అనలేదు. అదే నాకు కష్టమైంది.

బస్సు ఎక్కడానికి సాయం పట్టబోతే వద్దంది. ఒక కర్ర పైమెట్టు మీద పెట్టింది. కమ్మీ పట్టుకుని ఒంటిని పైకి లాక్కుంది. రెండో కాలు తెచ్చుకోవడానికి చాలాసేపు పట్టింది. కండక్టరు, జనం, నేను... అందరం ఎదురుచూశాం.

ఆ రాత్రి నేను విన్నది ఎప్పుడో, ఆ మద్రాసు దొర ఇంట్లోనో జరిగిపోయిందా... లేక జరగబోతున్నదా? నేను ఆ బిడ్డను కాపాడానా? నడవాల్సిన కాళ్ళను నడవనివ్వకుండా చేశానా? తెలిసి ఉంటే ఆ రోజు బస్సు కదిలేలోపు ఆమెకు చెప్పేవాణ్ణి. ఏదైనా సరే, చెప్పేవాణ్ణి.