గిటారు పొట్టలో నాయిన తువ్వాల

మొన్న ఆదివారం మా అన్న తన పాత గిటారును సజ్జ మీద నుంచి దించి, దుమ్ము తుడిచి, మా ఇంటికి తెచ్చాడు. నా బిడ్డ ఒక ఇనుప తీగ కొన వంచి, గిటారు ముందు వైపు ఉన్న పొడుగాటి వంకర చీలికలోకి దూర్చి, లోపల కుక్కి ఉన్న గుడ్డలను మెల్లమెల్లగా లాగింది. మొదట అమ్మ పాత చీర ముక్క వచ్చింది. తర్వాత దిండు దూది ఉండలు ఉండలుగా వచ్చింది. చివరికి ఎర్ర గళ్ళ తువ్వాల వచ్చింది, దానితో పాటు ఒక వాసన వచ్చింది. చెక్క వాసన, బీడీ వాసన, ఛాతీకి రాసుకునే మందు వాసన, వాటన్నిటి అడుగున వాన పడ్డ రాతి పొడి వాసన. పొయ్యి మీద పప్పు ఉడుకుతున్నా నాకు అదే వాసన వచ్చింది.

"ఇది ఎవరిది మామా?" అని అడిగింది నా బిడ్డ.

"మీ తాతది" అని చెప్పి, అన్న బయటికి పోయి గేటు దగ్గర నిలబడ్డాడు.

నేను ఐదో తరగతి వరకే చదివాను. సాఫ్ట్‌వేర్ పిల్లలు ఉండే హాస్టల్లో వంట చేస్తాను. సరుకుల చిట్టీ తప్ప ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆ వాసన దగ్గరే మొదలుపెట్టాను, తప్పులుంటే మన్నించండి.

మా చిన్నప్పుడు గోపన్‌పల్లి అంటే ఇళ్ళ కన్నా రాళ్ళే ఎక్కువ. ఏనుగు పడుకున్నట్టు ఒకటి, దాని మీద ఎవరో మరచిపోయిన మూటలాగా ఇంకొకటి, ఇప్పుడు పడిపోతుందా అప్పుడు పడిపోతుందా అన్నట్టు ఉండి ఎన్నటికీ పడిపోని గుండ్లు. ఎండాకాలం పొద్దు గూకినాక కూడా రాయి వెచ్చగా ఉండేది, మేము బండ మీద ఉతికిన బట్టలు పరిచి వాటి మీదే వెల్లకిలా పడుకునేవాళ్ళం. వానలు తగ్గుముఖం పట్టగానే గుండ్ల సందుల్లో సీతాఫలాలు కళ్ళు విప్పేవి, పచ్చివి తెంపి గడ్డిలో దాచి, మాగినాయో లేదో అని రోజూ నొక్కి చూసి, మాగకముందే సగం నల్లబడి పాడయ్యేట్టు చేసేవాళ్ళం. బతుకమ్మ పండగకు తంగేడు పూలు, గునుగు పూలు ఆ గుట్ట మీదే దొరికేవి. అమ్మ నువ్వులు వేయించి బెల్లం వేసి దంచి, సత్తుపిండి ముద్దలు కట్టి, ముద్ద ముద్దకూ మా వేళ్ళు వేడిగా ఉన్న రోలు దగ్గరికి పోకుండా చేత్తో కొడుతూనే చివరికి అడుగున మిగిలింది గీకి పెట్టేది. మాకు రెండు మేకలుండేవి. తెల్లదాని మెడలో నాయిన ఇత్తడి గంట కట్టాడు.

నాయిన రాళ్ళు కొట్టేవాడు. పెద్ద గుండును పగలగొట్టే ముందు దాని మీద చెవి పెట్టి, సుత్తితో చిన్నగా తట్టేవాడు. "గంట లెక్క మోగితే మంచి రాయి బిడ్డా. దబ్బుమంటే లోపల పగులున్నట్టు, దాని దగ్గరికి పోవద్దు" అనేవాడు. మేము ఆటకు పోయినా ప్రతి గుండునూ గులకరాయితో తట్టి, మోగేవి మావని, మోగనివి అవతలి వాడకట్టు పిల్లలవని పంచుకునేవాళ్ళం.

అద్దాల మేడలు లేవడం మొదలైనప్పుడు రాతికి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. నాయిన రాళ్ళను పిండి చేసే క్రషర్‌లో పనికి కుదిరాడు. పొద్దుగూకి ఇంటికి వస్తే కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవి, అమ్మ నవ్వుతూ "పిండి గిర్నిల పడ్డవా ఏంది?" అనేది. తర్వాత్తర్వాత ఆ నవ్వు పోయింది. నాయినకు దగ్గు పట్టింది. గుట్ట ఎక్కేవాడు బావి దాకా నడవలేకపోయాడు, పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకొని కూర్చునే నిద్రపోయేవాడు. దవాఖానలో రొమ్ము ఫోటో తీసి, ఊపిరితిత్తుల్లో రాతి పొడి గడ్డకట్టిందని, అది పోయేది కాదని, నెల నెలా మందు మాత్రం మానొద్దని చెప్పారు.

అన్న అప్పటికి ఒక ఆర్కెస్ట్రాలో వైర్లు చుట్టే పనిలో ఉన్నాడు. ఆ ఆర్కెస్ట్రా మాస్టారు కోస్తా నుంచి వచ్చి ప్రగతి నగర్‌లో ఉండేవాడు. పెళ్ళిళ్ళలో పాటలు వాయించేవాళ్ళు. ఖాళీ దొరికినప్పుడల్లా వాళ్ళ గిటారు మీద అన్న వేళ్ళు పెట్టేవాడు, మాస్టారు చూసీ చూడనట్టు ఊరుకొని చివరికి తానే నేర్పాడు. గిటారు వాయించే మనిషి వేరే ఊరు పోయినప్పుడు, "సొంత గిటారు తెచ్చుకోవయ్యా, ఆ కుర్చీ నీదే" అన్నాడు మాస్టారు. ఆ కుర్చీ దొరికితే నాయిన మందు ఆగదు. మాకు తెలిసింది అంతే.

తెల్ల మేకను, దాని జతను వెనకింటి మల్లమ్మ పెద్దమ్మకు అమ్మి, అన్న, నాయిన, నేను బస్సెక్కి కోఠి పోయాము. నాయిన వద్దన్నా వినలేదు, మెట్టు మెట్టుకూ ఆగి దుకాణం ఎక్కాడు. లోపలంతా వార్నీష్ వాసన. మా చేతికి అందేవి రెండే ఉన్నాయి. ఒకటి ఎర్రగా, సన్నగా, పలకలాగా ఉంది. ఇంకొకటి చింతగింజ రంగుది, వెడల్పుగా, లోపల బోలుగా, కడుపుకు రెండు పక్కలా వంకర చీలికలతో ఉంది. దుకాణపాయన దాచకుండా చెప్పాడు.

"చాచా, స్టేజీకైతే ఎర్రదే బరాబర్. గీ బోలుదాని మెడ ఒక్కసారి ఇరిగితే అతికిచ్చినం, అందుకే సస్తా, తక్కువకే ఇస్తం."

అన్న రెండూ చప్పుడు పెంచే కరెంటు డబ్బాకు తగిలించి వాయించి చూస్తుండగా కరెంటు పోయింది. ఎర్ర గిటారు చేతిలో చచ్చిపోయినట్టయింది, తీగలు చిటచిటలాడుతున్నాయి తప్ప పాట లేదు. అన్న ఆ చీకటి దుకాణంలో రెండోది అందుకొని మీటాడు. అది పలికింది. పెద్దగా కాదు, పక్క గదిలో ఎవరో కూనిరాగం తీసినట్టు. నాయిన వంగి, దాని కడుపు మీద వేలి కణుపుతో తట్టి, తల పక్కకు పెట్టి విన్నాడు.

"గిది దీస్కో కొడుకా. మంచి రాయి లెక్కున్నది. కరెంటు పోయినా పలుకుతది."

అన్న ఒకసారి ఎర్రదాని వైపు చూసి, చింతగింజ రంగుదాన్నే ఒళ్ళోకి తీసుకున్నాడు.

ఆ తర్వాత ఉన్న సాయంత్రాలే మా ఇంట్లో చివరి మంచి సాయంత్రాలు. నాయిన వెనక గోడకు ఆనుకొని కూర్చునేవాడు, భుజం మీద ఎర్ర గళ్ళ తువ్వాల. అన్న ఎదురుగా బండ మీద కూర్చొని డబ్బా లేకుండానే వాయించేవాడు. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ వినేది. పాట నడిచినంతసేపు నాయినకు దగ్గు రాకుండా ఉండేదని నేను అనుకునేదాన్ని. నిజమో కాదో ఇప్పుడు చెప్పలేను.

అన్న వాయించిన మొదటి పెళ్ళి నిజాంపేటలో, పగటి ముహూర్తం. పెళ్ళి భోజనం దొరుకుతుందని నన్నూ తీసుకుపోయాడు. అందరూ బంతిలో కూర్చొని ఉన్నారు, నా ఆకులో బూరె పడింది. అన్న మొదటి తీగ మీటగానే వెనకున్న పెద్ద డబ్బాల్లోంచి ఒక ఊళ లేచింది. సన్నగా మొదలై, పెరిగి పెరిగి చెవుల్లో సూదిలాగా దిగింది. చంటిపిల్లలు ఏడ్చారు. పెళ్ళికూతురు రెండు చెవులూ మూసుకుంది. అన్న తీగల మీద చెయ్యి పెట్టి నొక్కినా అది ఆగలేదు. మాస్టారు వచ్చి వైరు పీకేశాడు.

"క్షమించండి, వైరు పోయిందండి" అని పెళ్ళివాళ్ళకు చెప్పి, అన్న వైపు తిరిగాడు. "ఏంటయ్యా ఇది? పెళ్ళికి నక్కని తీసుకొచ్చావా?"

ఆర్కెస్ట్రా వాళ్ళంతా నవ్వారు. అన్న తల ఎత్తలేదు. మాస్టారు గిటారును తిప్పి చూసి గొంతు తగ్గించాడు.

"లోపలంతా బోలేగా. ఇంతింత డబ్బాల ముందు కూర్చోబెడితే దాని కడుపే ఊగి ఊళ పెడుతుంది. పొట్ట నిండా గుడ్డలు కుక్కు, నోరు మూసుకుంటుంది. వచ్చే పెళ్ళికి కూడా ఇలాగే అరిస్తే మాత్రం నేను వేరే కుర్రాణ్ణి చూసుకోవాల్సిందే."

మరునాడు నాయిన ఎండకు కూర్చున్నప్పుడు ఆ పని చేశాము. అమ్మ పాత చీర చింపింది, దిండు విప్పింది. అవి చాలలేదు. దండెం మీద ఉన్న తువ్వాల తీసి ఇచ్చింది. మేకకు మందు పోసేటప్పుడు పట్టుకున్నట్టు నేను గిటారును ఒళ్ళో గట్టిగా పట్టుకున్నాను, అన్న గొడుగు పుల్లతో చీలికల్లోంచి కుక్కాడు. మీటితే చెక్క మీద గోరు గీకినట్టు వినిపించింది. తర్వాతి పెళ్ళిలో డబ్బాకు తగిలిస్తే మాత్రం పాట బాగా వచ్చింది, ఊళ లేదు. కుర్చీ నిలబడింది.

గుడ్డలు కుక్కిన రోజు సాయంత్రం అన్న ఎప్పటిలాగే బండ మీద కూర్చొని వాయించాడు. నాయిన కాసేపు చూసి, "ఏందిరా, వాయిస్తలేవా?" అన్నాడు.

"వాయిస్తున్న నాయినా."

నాయిన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. బండలు పేల్చే పనిలో చెవులు పోయినవాళ్ళు మా వాడకట్టులో చాలామంది ఉన్నారు. "ఇగ చెవులు గూడ పాయె" అని, ఎవరితోనో కాకుండా తనతోనే అన్నట్టు అన్నాడు. అన్న నోరు తెరవబోతే అమ్మ కళ్ళతో ఆపింది. లోపలికి పోయాక, "చెప్పకురా. చెప్తే పీకేయమంటడు. పీకేస్తే మందెట్ల?" అంది. అన్న ఒకసారి తీగతో గుడ్డలు బయటికి తీయబోయాడు, లోపలున్న సన్న వైరు తెగి, దాన్ని అతికించేలోపు ఒక పెళ్ళి పోయింది, మందు కూడా ఆలస్యమైంది. మళ్ళీ దాని జోలికి పోలేదు.

నాయిన తువ్వాల కోసం వెతికాడు. "నా ఎర్ర తువ్వాల ఏదే?" అంటే, "చినిగిపోయింది, పొయ్యి తుడుస్తున్న" అంది అమ్మ.

ఒక మధ్యాహ్నం ఇంట్లో నేను, నాయిన మాత్రమే ఉన్నాము. నేను వాకిట్లో చింతగింజలతో ఓనగుంటలు ఆడుతున్నాను. నాయిన ఉన్నట్టుండి, "మన తెల్లది ఇంటికి మళ్ళింది సూడు" అన్నాడు. నాకేమీ వినిపించలేదు. కాసేపటికి గుట్ట అవతల నుంచి మల్లమ్మ పెద్దమ్మ మేకలు దిగాయి, ముందు తెల్లది, మెడలో మోగుతూ మా గంట. నాయిన నా మొహం చూశాడు, నేను నాయిన మొహం చూశాను. తర్వాత ఆయన గోడ పట్టుకొని లోపలికి పోయి, మూలకున్న గిటారును ఒళ్ళోకి తీసుకొని, వేలి కణుపుతో తట్టాడు. దబ్బుమంది. చీలికను వెలుతురుకు తిప్పి, కన్ను పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. చీలిక లోపల ఎర్ర గళ్ళ అంచు కనిపిస్తుందని నాకు కూడా తెలుసు. గిటారును ఎట్లా ఉన్నదాన్ని అట్లానే మూలకు ఆనించి, పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

"అన్నకు చెప్పకు బిడ్డా. జర నీళ్ళియ్యి."

ఆ రోజు అన్న బండ మీద కూర్చొని వాయిస్తుంటే నాయిన తల ఊపాడు. "ఇయ్యాల మంచిగ వినిపిస్తున్నదిరా" అన్నాడు. అన్న వేళ్ళు చూస్తూ ఊపేవాడేమో, వేళ్ళు ఆగిన తర్వాత కూడా తల కాసేపు ఊగేది. ఆ రోజు నుంచి రోజూ అదే. చలికాలం నడుమకు వచ్చేసరికి తల ఊపే బలం కూడా పోయి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే గోడకు ఆనుకొని ప్రాణం విడిచాడు. అన్న కొన్నాళ్ళు పెళ్ళిళ్ళలో వాయించి, తర్వాత గిటారు సజ్జ మీద పెట్టి, కంపెనీ బస్సు నడిపే పనికి పోయాడు. ఎవరైనా అడిగితే, "మా నాయిన చెవిటోన్ని అనుకుంటనే పోయిండు" అని అంతటితో ఆపేవాడు. అమ్మ కూడా పోయింది. నాయిన నా దగ్గర తీసుకున్న మాట నా దగ్గరే ఉండిపోయింది.

ఇన్నేళ్ళకు నా బిడ్డ గిటారు కావాలంది. ఫోన్లో ఏవేవో బొమ్మలు చూపించి, "లోపల బోలుగా ఉండేదైతే డబ్బా లేకున్నా వినిపిస్తది అమ్మా, పక్కవాళ్ళు కూడా లొల్లి పెట్టరు" అంది. మా చేతికి అందేది ఒక్కటీ లేదు. అందుకే అన్నను అడిగాను.

ఆ ఆదివారం తువ్వాల పట్టుకొని నేనూ గేటు దగ్గరికి పోయాను. చెప్పాను. మేక గంట గురించి, చీలికలో కన్ను పెట్టి చూడడం గురించి, పెదవుల మీద వేలు గురించి. అన్న మనసు తేలికపడుతుందనుకున్నాను.

అన్న నా చేతిలోని తువ్వాల వైపు చూసి, "అయితే గది ఇంకా ఘోరం గదనే" అన్నాడు. "ఏం వినిపిస్తలేదని తెల్సి గూడ అన్ని రోజులు కూసున్నడా నా ముంగట?"

ఎదురుగా మా గుట్టలో మిగిలిన ఆఖరి గుండును మిషన్ పొడుస్తోంది, అక్కడ ఇంకో అపార్ట్‌మెంట్ వస్తుందట. మేము మావని పంచుకున్న మోగే రాళ్ళలో అదొకటి. సీతాఫలం చెట్ల జాడ లేదు, తంగేడు పూలు ఇప్పుడు బజార్లో కొంటున్నాము, నాయిన ఆనుకున్న గోడ ఉన్న చోట కార్లు నిలుపుతున్నారు. పొడి లేచి మా మీద పడుతోంది, అన్న తువ్వాల అందుకొని ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు, పెట్టుకొని అట్లానే ఉంచుకున్నాడు.

కిటికీలోంచి నా బిడ్డ కనిపిస్తోంది. గిటారు ఒళ్ళో పెట్టుకొని, తల వంచి, మీటుతోంది. మిషన్ చప్పుడులో మాకు ఒక్క ముక్క వినిపించలేదు.

"మామా! వినిపిస్తున్నదా?" అని గట్టిగా అరిచింది.

అన్న తల ఊపాడు.

"మంచిగ వినిపిస్తున్నది బిడ్డా" అన్నాడు.