గట్టు మీది అరవై గడపలు

ఈ వేసవికి కాలువలు కట్టేసి నెల కాలేదు. విజయవాడ నుంచి ఉయ్యూరు బస్సులో వెళ్తుంటే కంకిపాడు దాటాక కిటికీలోంచి ఆ వాసన వచ్చింది. ఎండుతున్న ఒండ్రు, దాని మీద కుళ్ళుతున్న గుర్రపుడెక్క. పక్క సీటాయన కర్చీఫ్ ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. నాకు మాత్రం ఆ వాసన తగిలితే దయామణి గారు గుర్తొస్తారు. నేత చీర, కాన్వాస్ బూట్లు, చంకలో గొడుగు, చేత్తో దూరం కొలిచే చక్రం తోసుకుంటూ ఇలాంటి గట్టు మీదే నా ముందు నడిచేవారు. ఆమె పోయి నాలుగేళ్ళయింది. ఆమె గురించి రాయాలని ఎన్నోసార్లు కాగితం తీశాను. రాస్తే నా గురించి కూడా రాయాలి. అందుకే ఇన్నాళ్ళూ ఏదో ఒక సాకు దొరికేది.

దయామణి గారు రోడ్ల శాఖలో ఇంజనీరుగా రిటైరై మొగల్రాజపురంలో మా చిన్న సర్వే కంపెనీకి హెడ్డుగా వచ్చారు. నాకప్పుడు ఇరవై నాలుగు. డిప్లొమా పూర్తి చేసి, కంప్యూటర్‌లో గీత గీయడం వస్తే లోకమంతా వచ్చినట్టే అనుకునే రోజులు. నగరంలో వేద్దామనుకుంటున్న లైట్ రైలును ఉయ్యూరు మీదుగా పామర్రు దాకా పొడిగిస్తే ఎలా ఉంటుందని అప్పట్లో ఒక ఆలోచన నడిచింది. ఏ దారిన పోవాలో కొలిచి చెప్పే పని మా కంపెనీకి వచ్చింది. ఉయ్యూరు దాకా పేచీ లేదు. ఊరు మొదలయ్యేసరికి దారి రెండుగా చీలింది. మెయిన్ రోడ్డు మీదుగా పోతే ఒక వరస కొట్లన్నీ పోతాయి. ఊరి వెనక కాలువ గట్టు మీదుగా పోతే అక్కడ తాతల నాటి నుంచి గుడిసెలూ రేకుల ఇళ్ళూ వేసుకుని ఉన్న అరవై కుటుంబాలు లేచిపోవాలి. ఊళ్ళో ఏ టీ బంకు దగ్గర చూసినా ఇదే వాదన. రైలు అందరికీ కావాలి, తన గుమ్మం ముందు నుంచి మాత్రం వద్దు.

మొదటి రోజే నేను కారు మాట్లాడమంటారా అని అడిగితే ఆమె నవ్వారు. "కారులో పోయి చూస్తే రోడ్డే కనపడుతుంది సలీమూ, ఊరు కనపడదు" అన్నారు. ఇద్దరం షేర్ ఆటోలో వెళ్ళాం. ఆమెకో పద్ధతి ఉండేది. గీత ఏ ఇంటి మీదుగా పోయేలా ఉందో ఆ ఇంట్లో మంచినీళ్ళు అడిగి తాగాలి. దాహం వేసినా వేయకపోయినా సరే. "నీళ్ళు తాగిన ఇంటి మీద గీత గీసేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణం కోసమే" అనేవారు. అరవై ఏళ్ళ మనిషి మిట్టమధ్యాహ్నం ఇల్లిల్లూ తిరుగుతూ గ్లాసులకు గ్లాసులు తాగుతుంటే నాకు నవ్వొచ్చేది. ఆఫీసులో కుర్రాళ్ళం చాటుగా ఆమెను మంచినీళ్ళ మేడమ్ అనుకునేవాళ్ళం. ఆమెకు తెలుసు. ఒకసారి నా చేతికి బాటిల్ ఇచ్చి, "మీ మంచినీళ్ళ మేడమ్ బాటిల్ కాస్త నింపుకురా నాయనా" అన్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

గట్టు మీద మేం నీళ్ళు తాగిన మొదటి ఇల్లు సువార్తమ్మది. నాట్లకూ కలుపుకూ కూలికి పోయే మనిషి. స్టీలు చెంబు బూడిదతో తోమి మరీ నీళ్ళు తెచ్చి ఇచ్చింది. "ఈ బండి మా గట్టు కాడ ఆగుద్దా బాబూ? తెల్లారగట్ట నాట్లకి ఆటోలో కుక్కి తీస్కెళ్తన్నారు, నడుం పడిపోతంది" అని నన్నడిగింది. ఆగుతుందమ్మా అన్నాను. అబద్ధం కాదు. గట్టు దారిలో స్టేషన్ సరిగ్గా అక్కడే గీశాం, ఆమె వంటింటి మీద. ఆ రెండో ముక్క నేను మింగేస్తే దయామణి గారు బయటపెట్టారు. "దారి ఇటే వస్తే మీ ఇల్లు పోతుందమ్మా. మెయిన్ రోడ్డు మీదుగా వెళ్తే పోదు. ఇంకా ఏదీ తేలలేదు." సువార్తమ్మ చెంబు వెనక్కి తీసుకుంటూ, "అయితే మా పేర్లు కాయితంలో ఎక్కించండమ్మా. ఇక్కడ మనుషులున్నారని వాళ్ళకి తెలవాలి గదా" అంది. ఎక్కిస్తామని మేడమ్ మాటిచ్చారు. ఆ పని నాకు అప్పగించారు.

ఇక్కడే నా సంగతి చెప్పాలి. ఉయ్యూరు మెయిన్ రోడ్డు మీద, పోయే వరసలో, మా నాన్న, మేం అబ్బా అంటాం, ఆయన టైలరింగ్ కొట్టుంది. పది అడుగుల కొట్టు, రెండు మెషీన్లు. ఆ కొట్టే నన్ను చదివించింది. రోడ్డు వైపు కొట్లు నేనొక్కణ్ణే రాసుకొస్తానని మేడమ్‌తో చెప్పాను. కొట్టు పోతుందేమోనన్న మాట ఊళ్ళో పుట్టిన దగ్గర్నుంచి అబ్బాకు నిద్ర లేదు. ఒక ఆదివారం గుండీలు కుడుతూ, తలెత్తకుండానే, "గీత గీసేది మీ ఆఫీసేనంట కదరా" అన్నాడు. అంతే, ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే కసురుకునేవాణ్ణేమో. అడగకపోవడంతో ఆ మాట నాలో ఉండిపోయింది.

ఆఫీసులో శనివారం మధ్యాహ్నాలు వాదన జరిగేది. ఎవరికి ఏ దారి నచ్చదో వాళ్ళే ఆ దారి తరఫున మాట్లాడాలని మేడమ్ నియమం. "నీకు నచ్చిన దారి తరఫున నువ్వు మాట్లాడక్కర్లేదు. నీలో అది ఎలాగూ మాట్లాడుతూనే ఉంటుంది" అనేవారు. నన్ను మెయిన్ రోడ్డు తరఫున నిలబెట్టారు. రోడ్డు మీదైతే కాలేజీ పిల్లలకు దగ్గర, బస్టాండుకు దగ్గర, కొట్లవాళ్ళకు పరిహారం వస్తుంది, గట్టువాళ్ళకు చిల్లిగవ్వ రాదు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ నీళ్ళు నమిలాను. ఆమె పెన్ను మూత పెట్టి నా వైపు చూశారు.

"ఆ రోడ్డు మీద నీ వాళ్ళెవరైనా ఉన్నారా సలీమూ?"

"లేరు మేడమ్."

"ఉంటే తప్పేం లేదు. చెబితే చాలు, పోయే ఇళ్ళ పట్టిక ఇంకొకరి చేత చేయిస్తాను."

"లేరు మేడమ్."

రెండోసారి మరింత గట్టిగా అన్నాను. ఆమె నమ్మారు. మనుషుల్ని నమ్మడం కూడా ఆమె పద్ధతుల్లో ఒకటి.

రిపోర్టుకు జతచేసే పట్టికలో ఒక గడి ఉంటుంది, ఆ దారిలో పోయే నివాసాల గురించి. గట్టు మీద ఎవరికీ పట్టాలు లేవు. పట్టా ఉన్నా లేకపోయినా ప్రతి ఇంటికీ పేరు రాయమని మేడమ్ చెప్పారు. నా నోటు పుస్తకంలో అరవై పేర్లూ ఉన్నాయి, ఎవరు ఎన్నేళ్ళుగా ఉంటున్నారో కూడా ఉంది. పట్టికలో మాత్రం నేను నివాసాలు లేవని రాసి, కింద చిన్న అక్షరాల్లో పట్టా లేని తాత్కాలిక ఆక్రమణలు అని చేర్చాను. రూల్సు పుస్తకం పట్టుకుని చూస్తే అందులో అబద్ధం లేదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు, అందుకే ఆ ముక్క ఎంచుకున్నాను. రోడ్డు వైపు మాత్రం ఒక్కో కొట్టూ పేరుపేరునా రాశాను, మా అబ్బా కొట్టుతో సహా. అబ్బా పేరు మస్తాన్ అని రాస్తే ఆ ఊళ్ళో ఎంతమంది మస్తాన్లు, ఎవరు పట్టుకుంటారు? ఆ వారం మేడమ్ భర్తగారు ఆస్పత్రిలో ఉన్నారు. అందరి పట్టికలూ ఒకటికి రెండుసార్లు చూసే మనిషి, నాది చూడకుండా సంతకం పెట్టారు. "నీదే కదా" అన్నారు.

జనం అభిప్రాయాలు వినే సభ పామర్రులో ఒక కల్యాణ మండపంలో పెట్టారు. ముందు కుర్చీల్లో కొట్లవాళ్ళు, వెనక గోడ వారగా గట్టువాళ్ళు. కూలి మానుకుని వచ్చారు. వేదిక మీద అధికారి ఒకాయన పట్టిక చూసి, గట్టు దారిలో నివాసాలేవీ లేవు కనుక అదే మేలని కమిటీకి తోస్తోందని చదివాడు. ముందు వరసలు చప్పట్లు కొట్టాయి. వెనక నుంచి సువార్తమ్మ లేచింది. మైకు ఎవరూ ఇవ్వలేదు, ఆమెకు అవసరమూ లేదు.

"దయామణమ్మా, మా ఇంట్లో నీళ్ళు తాగారు గదమ్మా. ఇళ్ళే లేవంటన్నారేంటండీ మరి? మీరు తాగింది ఎవరింట్లో?"

మేడమ్ తన ముందున్న రిపోర్టు తిప్పారు. ఆ పేజీ దగ్గర ఆగారు. చదివారు. వేదిక కింద కుర్చీలో కూర్చున్న నా వైపు ఒక్కసారి చూశారు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆమె లేచి నిలబడి, "పట్టిక తప్పు. అక్కడ అరవై ఇళ్ళున్నాయి. సంతకం నాది కాబట్టి తప్పు నాది" అన్నారు. ముందు వరసలో ఎవరో ఈ వయసులో ఉద్యోగాలెందుకని వెటకారం చేశారు. జనం నవ్వారు. ఆమె అలాగే నిలబడ్డారు. సవరణ ఉంటే శుక్రవారం లోపు ఇవ్వమని అధికారి చెప్పాడు.

మర్నాడు ఆమె ఒక్కరే గట్టుకు వెళ్ళి, పేర్లన్నీ మళ్ళీ రాసుకున్నారట. సాయంత్రం అబ్బా ఫోన్ చేశాడు. గొంతులో సంబరం. "మీ మేడమ్ గారొచ్చారురా! కొట్టు గోడ మీద నీ ఫోటో చూసి గుర్తుపట్టారు. టీ వద్దని మంచినీళ్ళడిగి తాగారు. మీ అబ్బాయి పనిమంతుడండీ అన్నారు." కొట్టు కూడా గీత మీదే ఉంది కదా. రెండు దారుల్లోనూ ఆమె నీళ్ళు తాగారు.

సోమవారం పొద్దున నా బల్ల మీద కొత్త పట్టిక పెట్టారు. ఆమె చేతిరాత, అరవై పేర్లు. కింద పరిశీలించినవారి దగ్గర ఆమె సంతకం ఉంది. తయారు చేసినవారి దగ్గర ఖాళీ. సవరణ చెల్లాలంటే మొదటి పట్టిక రాసినవాడు తాను తప్పు రాశానని ఒప్పుకుంటూ అక్కడ సంతకం పెట్టాలి. "చూసుకో సలీమూ. శుక్రవారం దాకా గడువుంది" అన్నారు. మా కొట్టు గురించి ఒక్క మాట లేదు. సంతకం పెడితే నా అబద్ధం బయటపడుతుంది, దారి మళ్ళీ రోడ్డు వైపు తిరుగుతుంది, అబ్బా కొట్టు పోతుంది. మంగళవారం రేపు పెడదామనుకున్నాను. బుధవారం కూడా అదే అనుకున్నాను. ఆమె అడుగుతారని నేను, నేను చెబుతానని ఆమె. గురువారం ఆమె నా బల్ల దగ్గర ఆగి, ఏదో అనబోయి, కిటికీ తలుపు వేసి వెళ్ళిపోయారు. శుక్రవారం సాయంత్రం వచ్చి కాగితం తీసుకున్నారు. ఖాళీ చూశారు. మడత పెట్టుకుని, "భోజనం చేశావా?" అని అడిగారు. చేశానన్నాను. అది కూడా అబద్ధమే.

ఒక్కోసారి ఆమె మీద కోపం వస్తుంది. ఒక కసురు కసిరితే పెట్టేవాణ్ణి కదా, నలుగురిలో నిలదీస్తే చచ్చినట్టు పెట్టేవాణ్ణి కదా అనిపిస్తుంది. తప్పు చేసినవాడికి ఎదుటివాళ్ళ మంచితనం కూడా నేరంగానే కనిపిస్తుంది మరి. సగం సంతకంతో పంపిన సవరణ చెల్లదని తిరిగొచ్చింది. గట్టు దారి ఖాయమైంది. ఆ నెలాఖరుకు దయామణి గారు ఉద్యోగం మానేసి, భర్తను తీసుకుని గుడివాడలో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయారు. గట్టు మీద ఇళ్ళ గోడలకు ఎర్ర రంగుతో గుర్తులు పెట్టారు. తర్వాత రైలు మాట మూలపడింది, ఇప్పటికీ ఒక్క స్తంభం లేవలేదు. గుర్తులు మాత్రం పోలేదు. గుర్తు పడ్డ ఇంటికి కరెంటు మీటరు ఇవ్వరు, పక్కా ఇల్లు మంజూరు చేయరు. ఒక్కొక్కరే లేచిపోయారు. మా అబ్బా కొట్టు నిలిచింది. రెడీమేడ్ బట్టలొచ్చాక గిరాకీ తగ్గినా ఆయన రోజూ తెరుస్తాడు. నేను ఆ కొట్లో ఎక్కువసేపు కూర్చోలేను.

ఇప్పుడు నా కింద పదిమంది పనిచేస్తున్నారు. నా పట్టికల్లో పట్టా లేని ఇంటికి కూడా పేరుంటుంది. ఈ విషయంలో నన్ను చాదస్తుడంటారని తెలుసు. గుడివాడ చర్చిలో ఆమె సమాధి కార్యక్రమానికి వెళ్ళి, చివరి బెంచీలో కూర్చుని వచ్చేశాను. గుమ్మం దగ్గర ఆమె చెల్లెలు నా పేరు రాసి ఉన్న కవరు ఇచ్చింది. అందులో తిరిగొచ్చిన ఆ పట్టికే ఉంది. వేరే ఉత్తరం లేదు.

కిందటి నెల విజయవాడలో ఒక అపార్ట్‌మెంట్‌కు పనిమీద వెళ్తే, మెట్లు ఊడుస్తూ సువార్తమ్మ కనిపించింది. తనే గుర్తుపట్టింది. మర్నాడు ఆ పట్టిక తీసుకుని మళ్ళీ వెళ్ళాను. తనకు చదువు రాదని నన్నే చదవమంది. మెట్ల మీద కూర్చుని అరవై పేర్లూ చదివాను. ఒక్కో పేరుకూ ఆమె జవాబు చెప్పింది. వీళ్ళు ఇటికబట్టీకి పోయారు, వీళ్ళు తెనాల్లో ఉన్నారు, ఈయన చచ్చిపోయాడు. అయిపోయాక, మొదటి పట్టిక రాసింది నేనేనని, ఎందుకు రాశానో, శుక్రవారం దాకా ఏం చేశానో అంతా చెప్పేశాను. చెబితే భారం దిగుతుందనుకున్నాను కాబోలు.

సువార్తమ్మ నన్ను తిట్టలేదు.

"నాకు చెప్పి ఏం లాభం బాబూ? ఆ రోజు ఆ తల్లిని చూసి అందరూ నవ్వారు. గోడలకి ఎర్ర గుర్తులు పడ్డాక, మాటిచ్చి మోసం చేసిందని నేను కూడా బూతులు తిట్టానయ్యా, వీధిలో నిలబడి. ఆమె బతికుండగా చెప్పాల్సింది."

పై అంతస్తు నుంచి ఎవరో పిలిచారు. ఆమె చీపురు తీసుకుని లేచింది. కాగితం ఆమెకివ్వబోతే, వద్దన్నట్టు చెయ్యి ఊపి మెట్లెక్కి వెళ్ళిపోయింది.