నెర్రెల పొలంలో గోల్ఫ్

మా బావకు పక్షవాతం వచ్చిన ఏడే మాకు కాలవ రాలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఏమిటో మా ఇంట్లో ఎవరికీ విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది.

బావంటే మా అక్క మొగుడు. మేనత్త కొడుకు కూడా కాబట్టి అక్కను చేసుకోకముందు నుంచే నాకు బావ. మా నాన్న, మావయ్య కలిసి గోదావరి జిల్లా నుంచి వచ్చి కన్నడ సీమలో జవళగేర దగ్గర భూములు కొన్నారు. ఇక్కడ మా ఆంధ్రావాళ్ల ఊళ్లను క్యాంపులంటారు. డాబాలు లేచాయి, మనవలు పుట్టారు, శ్మశానంలో మా వాళ్లకూ ఒక మూల ఏర్పడింది, అయినా మేం ఇంకా క్యాంపువాళ్లమే. బావా నేనూ ఒకే కాలవ గట్టు మీద, ఒకే నీళ్ల కోసం పోట్లాడుకుంటూ పెరిగాం. రోజుకొక్కసారైనా ఒకరినొకరు ఏదో ఒకటి అనుకోకపోతే మాకు అన్నం సహించేది కాదు.

ఆయనకు ఎడమ వైపు పడిపోయింది. కాలు కొంత తిరిగొచ్చింది, చేతికర్రతో నడిచేవాడు. మాట మెల్లగా వచ్చినా స్పష్టంగానే వచ్చేది. చెయ్యి మాత్రం రాలేదు. రాయచూరు ఆసుపత్రిలో వ్యాయామాలు నేర్పే అమ్మాయి, ఏదైనా కర్రను రెండు చేతులా పట్టుకుని ఇటూ అటూ ఊపమంది. మంచి చెయ్యి కదులుతుంటే చెడ్డ చెయ్యి దాని వెంట నేర్చుకుంటుందట. అక్క చీపురు కర్ర చేతికిస్తే గోడకేసి కొట్టాడు. "నన్ను ఆడించకే" అని ఒకసారి అరిచాడు. ఆ తర్వాత అరవడం కూడా మానేసి, వరండాలో వీధి వైపు ఉండే తన కుర్చీని గోడ వైపు తిప్పించుకుని కూర్చున్నాడు.

"తిడితే బాగుండునురా తమ్ముడూ. రోజూ తిట్టే మనిషి నోరు మూసుకుంటే నాకు భయమేస్తోంది. మందుల సంగతి డాక్టర్లు చూసుకుంటారు. ఈయన్ని ఆ కుర్చీలోంచి లేపే పని మాత్రం నీదే" అంది అక్క.

మనిషికి ధైర్యం చెప్పడం నాకు చేతకాదు. నా నోరు తెరిస్తే వెటకారమే వస్తుందని మా ఆవిడ పెళ్లయిన కొత్తలోనే కనిపెట్టింది. అయినా అక్క మాట కాదనలేక ఒప్పుకున్నాను.

డ్యాములో నీళ్లు చాలవని ఆ ఏడు రెండో పంటకు కాలవ వదల్లేదు. ట్రాక్టర్లు షెడ్లలో ఉన్నాయి, మగాళ్లు టీకొట్టు దగ్గర పేకాటలో ఉన్నారు. కోసిన వరి దుబ్బులు ఎండి, నల్లరేగడి కాలు దూరేంత నెర్రెలిచ్చింది. మా దగ్గర్నుంచి తుర్విహాళ దాకా ఎటు చూసినా ఒకటే రంగు. అంతమంది రైతులు ఒక్కసారిగా చేతులు ముడుచుకుని కూర్చోవడం నేను చూడటం అదే మొదలు.

బావ మందుల కోసం రాయచూరు వెళ్లినప్పుడు బజార్లో ఒక పాత సామాన్ల దుకాణం ముందు ఆగాను. చిరిగిన తోలు సంచిలో పొడుగాటి ఇనప కర్రలు కొన్ని కనిపించాయి. ఒకటి తీసి రెండు చేతులా పట్టుకుని ఊపి చూశాను. దుకాణం ఆయన నవ్వాడు.

"ఏంది సార్, గిట్ల తిప్పి తిప్పి జూస్తున్నరు? గవి గోల్ఫ్ కట్టెలు. పెద్ద పెద్ద సాబులు ఆడేటివి. తీస్కపోండ్రి, ఆడరాకుంటే ఇంట్ల కుక్కలను అదిలియ్యనీకన్నా పన్కొస్తయి."

సంచి అడుగున బంతులు కూడా ఉన్నాయి. రెండు చేతులా పట్టుకుని ఇటూ అటూ ఊపడమే కదా గోల్ఫంటే, అనుకున్నాను. బస్సులో ఆ సంచిని ఒళ్లో పెట్టుకుని వస్తుంటే జనం నన్ను ఎగాదిగా చూశారు.

బావను లేపడానికి అబద్ధం ఆడాల్సి వచ్చింది. కాలవ పక్క మడి గట్టు ఎవరో తవ్వేశారని చెప్పాను. అది ఆయన సొంత మడి, మావయ్యతో కలిసి ముళ్లకంప కొట్టి చదును చేసుకున్నది. గట్టు మాట వినగానే కుర్చీలోంచి లేచాడు. బండి మీద తీసుకెళ్లాను. గట్టు బాగానే ఉందని చూసి నా వంక ఒక చూపు చూశాడు. నేను కర్ర చేతికిచ్చి, ఎడమ చేతి వేళ్లను దాని చుట్టూ ముడిచి, బంతి ముందు పెట్టాను.

కర్ర గాలిని కొట్టింది. రెండోసారి మట్టిబెడ్డను కొట్టింది. మూడోసారి బంతికి తగిలింది, అది రెండు బారలు దొర్లి నెర్రెలో పడి కనపడకుండా పోయింది.

"బాగా కొట్టావు బావా!" అన్నాను. అంతకుముందు రాత్రి ఫోన్లో వీడియోలు చూశాను మరి. చెడ్డ దెబ్బను వెంటనే మరిచిపోవాలట, మంచి మాటే మాట్లాడాలట.

"ఎద్దు పడుకున్నా బాగా దున్నిందంటావా?" అన్నాడు బావ. "పాలు తాగే పిల్లాడికి చెప్పినట్టు చెప్పకు. నువ్వు కొట్టు చూద్దాం."

కొట్టాను. నాకు రెండు చేతులూ బాగానే ఉన్నాయి. అయినా బంతి వెనక్కి ఎగిరి నా బండి అద్దానికి తగిలింది. ఆట ఇంత కష్టమని నాకు తెలియదు. కర్ర వంకరగా ఉందన్నాను.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట" అన్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన నన్ను ఎత్తిపొడవడం అదే మొదటిసారి. నాకు కళ్లు చెమ్మగిల్లాయి, బండి అద్దం వైపు తిరిగి దాన్ని తుడిచినట్టు నటించాను.

ఆ రోజు నుంచి వీడియోలు మానేశాను. మెచ్చుకుంటే ఆయన కుంగిపోయేవాడు. తిడితే లేచేవాడు. "మా గేదె తోక కూడా ఇంతకన్నా గురిగా కొడుతుంది బావా" అంటే, "మీ గేదెకు బుర్ర ఉంది, దాని యజమానికే లేదు" అని మళ్లీ కర్ర ఎత్తేవాడు. గుంట తవ్వాల్సిన అవసరం మాకు రాలేదు. భూమే నోరు తెరుచుకుని ఉంది. ఏ నెర్రెలో పడినా పడ్డట్టే లెక్క అని బావ తీర్మానించాడు. బంతి తియ్యడానికి నేను బోర్లా పడుకుని మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికేవాణ్ని. కొన్ని అందేవి కావు.

దారినపోయే కన్నడ ఆవిడ ఒకతె ఆగి, "ఏన్రీ సావ్కార్రా, హావు హొడీతీరేన్రీ?" అని అడిగింది, పామును కొడుతున్నారా అని. బావ నోరు వంకర పోతున్నా ఆపుకోకుండా నవ్వాడు. టీకొట్టు దగ్గర మాత్రం మా మీద వేరే మాట నడిచింది. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నారు. అన్నవాళ్లే సాయంత్రాలు పేక వదిలి గట్టు మీద చేరి మా దెబ్బలకు వంకలు పెట్టేవాళ్లు.

ఆట బాగుపడిందా అంటే, లేదు. అన్ని రోజులూ నవ్వులే అనుకుంటే అదీ తప్పే. వారంలో నాలుగు రోజులు బావ కర్ర పారేసి, "ఇంక రాను, నన్ను తీసుకురాకు" అనేవాడు. ఒకసారి గట్టు మీద కూలబడి, "పంట పోతే వానను తిట్టొచ్చురా. ఇది పోతే ఎవర్ని తిట్టాలి?" అన్నాడు.

"నన్ను తిట్టు. దేవుడు బావమరిదిని ఇచ్చింది ఎందుకనుకున్నావు?"

తిట్టాడు, చీకటి పడేదాకా తిట్టాడు. మర్నాడు నేను వెళ్లేసరికి చొక్కా వేసుకుని కూర్చున్నాడు. కుర్చీ వీధి వైపు తిరిగి ఉంది. అక్క నాకు చెప్పకుండా దాని కిందున్న నేల కడిగి ముగ్గేసింది. ఎండలు ముదిరేసరికి ఎడమ చేతి వేళ్లు నేను ముడవకుండానే కర్రను పట్టుకోసాగాయి. గట్టిగా కాదు, పట్టుకున్నాయంతే. ఆయనకది కనపడింది, నాకూ కనపడింది. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే పోతుందని భయం.

తర్వాత వానలు పడ్డాయి. డ్యాము నిండిందని ఫోన్లు వచ్చాయి. ఆడవాళ్లు పసుపు కుంకుమలు తీసుకుని కాలవకు ఎదురెళ్లారు. ట్రాక్టర్ల చప్పుడుతో క్యాంపుకు ప్రాణం లేచొచ్చింది. నీళ్లు చూసి దిగులుపడ్డ రైతు ఆ ఆయకట్టులో ఎవరైనా ఉన్నారంటే అది నేనే. గట్టు మీద నిలబడి, ఇంకో నెల ఆగి రాకూడదా తల్లీ అనుకున్నాను. అనుకున్నందుకు లెంపలు వేసుకున్నాను.

బావ పొలం కూడా ఆ ఏడు నేనే చేస్తున్నాను. అన్ని మళ్లకూ నీళ్లు పెట్టి దమ్ము చేయించాను, నాట్లు వేయించాను. కాలవ పక్క మడిని మాత్రం ముట్టుకోలేదు. ఒక్క మడి పోతే పోయింది, మనిషి నిలబడతాడనుకున్నాను. పక్క పొలం ఆయన వచ్చి, "నీళ్లుండగా బీడు పెట్టావేంటయ్యా?" అని అడిగితే నారు చాల్లేదన్నాను. నాట్ల హడావిడిలో కొన్నాళ్లు బావను తీసుకెళ్లలేకపోయాను. తీరిక దొరికిన రోజు, సంచి భుజాన వేసుకుని, బహుమతి చూపించబోయేవాడిలా ఉత్సాహంగా తీసుకెళ్లాను.

ఆయన బండి దిగి నిలబడిపోయాడు. చుట్టూ పచ్చగా నారు, మడి మడికీ నీళ్లు. మధ్యలో తన మడి ఒక్కటే, కలుపు మొలిచి, ఎండి ఉంది.

"నారు చాల్లేదా?" అని అడిగాడు.

అప్పుడైనా అవునని ఉంటే పోయేది. "చాలింది బావా. నీ కోసమే ఉంచాను. రోజూ వచ్చి ఆడుకోవచ్చని" అన్నాను.

ఆయన మొహంలోకి రక్తమంతా వచ్చినట్టయింది. "మా నాన్న పోయిన మూడో రోజున ఈ మడిలో నాట్లు వేశాం. ఇంట్లో మనిషి పోయినా ఆపలేదు. నువ్వేమో నేను బతికుండగానే బీడు పెట్టావు" అన్నాడు. "నీళ్లుండగా పొలంలో ఆడుకునే వాడు రైతా? నలుగురూ ఏమనుకుంటున్నారురా? వీడి పని అయిపోయింది, బావమరిది పాపం ఆడుకోవడానికి చోటిచ్చాడు అనుకోవడం లేదూ?"

ఎప్పుడూ ఆడే నా నోరు ఆ ఒక్క రోజు పెగల్లేదు. ఏదో ఒకటి అని ఉంటే, నీ మొహానికి పొలం కూడానా అని ఉన్నా, బహుశా ఆయన తిరిగి తిట్టేవాడు. నేను జాలిగా చూస్తూ నిలబడ్డాను. ఆ చూపు ఆయన చూశాడు.

కర్ర విసరలేదు. నా చేతికిచ్చాడు. "రేపు ట్రాక్టరు దింపు" అన్నాడు. బండి ఎక్కమంటే ఎక్కలేదు. చేతికర్ర పొడుచుకుంటూ గట్టు వెంట ఒక్కడే ఇంటి దాకా నడిచాడు. నేను బండిని తోసుకుంటూ వెనక నడిచాను.

మర్నాడు ఆ మడికి నీళ్లు పెట్టాను. నెర్రెలు మూసుకుపోయాయి. మాకు అందని బంతులు వాటిలోనే ఉండిపోయాయి. నారు నిజంగానే అయిపోవడంతో అక్కడా ఇక్కడా అడిగి తెచ్చి, అదును దాటాక నాటించాను.

బడి మైదానానికి వెళ్దామని అడిగాను. కళ్లం ఖాళీగా ఉందని చెప్పాను. "అందరూ పనిలో ఉంటే నేను ఆడుకుంటానట్రా?" అన్నాడు, అంతే. అప్పటికి గాని నాకు అర్థం కాలేదు. ఆ ఎండాకాలమంతా క్యాంపులో ప్రతి మగాడూ పని లేక కూర్చున్నాడు, వాళ్లలో ఆయనా ఒకడు. చెయ్యి పడిపోయిన సంగతి ఆ కొన్నాళ్లు అంతగా గుర్తు రాలేదు. కాలవ వచ్చి అందరినీ తీసుకుపోయి ఆయన్ని ఒక్కణ్నీ వదిలేసింది. నేనేమో గోల్ఫే ఆయన్ని లేపిందనుకున్నాను.

కుర్చీ మళ్లీ గోడ వైపు తిరిగింది. కర్ర లేని చెయ్యి ఒళ్లో పడి ఉండేది. నేను రోజూ సాయంత్రం వెళ్లి ఏదో ఒకటి కదిపేవాణ్ని, ఆయన ఊ కొట్టేవాడు. అక్క టీ తెచ్చి నా వంక చూసేది, నేను టీ వంక చూసేవాణ్ని.

కోతలయ్యాయి. మిగతా మళ్లు బాగా పండాయి, ఆలస్యంగా నాటిన ఆ మడిలో మాత్రం సగం తాలే. నేను కావాలనే గింజలు గుప్పెట్లో పట్టుకుని వెళ్లాను. దారంతా మాట కూర్చుకున్నాను. తప్పు నాదని క్యాంపంతటికీ తెలుసు. ఆయన ఒక్క మాట అంటే చాలు, నేను నోరు మూసుకోవాల్సిందే. ఆ ఒక్క మాట కోసమే వెళ్లాను.

"చూశావా బావా నీ మడి నిర్వాకం? నా పొలం ముందు తల దించుకుంది. అసలు మీ ఇంటావంటా వ్యవసాయం ఉంటే కదా" అన్నాను గింజలు ఆయన ఒళ్లో పోసి.

కుడి చేత్తో వాటిని కాసేపు కెలికాడు. నేను ఎదురుచూశాను.

"అవున్రా. నువ్వే బాగా పండించావు" అన్నాడు.

అక్క వంటింట్లోంచి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చిన్నప్పటి నుంచీ ఆయనతో వాదించి నేను గెలవడం అదొక్కసారే. ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా నాకు అంత ఏడుపు రాలేదు.