మూడు బారల ఇల్లు

పోయిన ఆదివారం మా బస్తీ కొత్త కమ్యూనిటీ హాలుకు తెచ్చిన నల్లరాతి పలకను చూసి, ఇంటికి రాగానే పాత ట్రంకుపెట్టె మూత తెరిచి లోపల బొగ్గుతో రాసిన అంకెను చదువుకున్నాను. పలక మీద బస్తీ పెద్దల పేర్లు ఐదు ఉన్నాయి. మొదటిది మా తాతది, పక్కన 'బస్తీని నిలబెట్టినవాడు' అని. నా లెక్కలో పెద్దలు ఆరుగురు.

బన్సీలాల్‌పేట్ వెనక మా బస్తీ ఒకప్పుడు ఉత్త బండలేనని మీరూ మీ పెద్దల నోట వినే ఉంటారు. కరువుకు ఊరు విడిచి, రాళ్లు కొట్టుకుని బతుకుదామని వచ్చిన ఇరవై రెండు కుటుంబాలను అక్కడ ఆపింది మా తాత అక్క. ఆమెను మేము పెద్దవ్వ అనేవాళ్లం. జాగా పంచేటప్పుడు ఎవరో తాడు తెస్తే, తాడు సాగుతుంది, చేతులు సాగవని పక్కన పడేసి, తన రెండు చేతులు చాపి, ఈ కొస నుంచి ఆ కొసకు ఒక బార చొప్పున ఇంటికి మూడు బారల వెడల్పు కొలిచి ఇచ్చిందట. అందరికీ ఒకే కొలత, తమ్ముడికీ అంతే, తనకు మాత్రం చివరన వాననీళ్లు దిగే పల్లపు జాగా. ఆఫీసుల్లో ఆడమనిషి మాట వినరని తెలిశాక తమ్ముడి తలకు తనే తలపాగా కట్టి బస్తీ పెద్దను చేసింది. ఆ తర్వాత ప్రతి పెద్దకూ తలపాగా కట్టింది మా ఇంటి పెద్ద ఆడమనిషే.

నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది, లెక్క ఆగలేదు. ఇవాళ బస్తీలో గోడ లేపాలంటే ఎన్ని ఇటుకలు పడతాయో మేస్త్రీ కంటే ముందు నన్నే అడుగుతారు. ఆ పిచ్చి పదేళ్లప్పుడే పట్టింది. అమ్మ కుట్టుమిషను మీది టేపు తీసుకుని గడపలూ బిందెలూ మేక కొమ్ములూ కొలుస్తూ తిరిగి, ఒకరోజు పెద్దవ్వ చేతులు కూడా కొలిచాను. ఎండలో నిలబడి చేతులు చాపి, నవ్వు ఆపుకోలేక ఊగిపోతూ, "జెర జల్ది కొలువు బిడ్డా, రెక్కలు చాపిన కాకి అనుకొని కాకులొస్తయ్" అంది. అరవై అంగుళాల టేపులో మూడు మిగిలాయి. నాలుగడుగుల తొమ్మిది అంగుళాలు అని ట్రంకుపెట్టె మూత లోపల బొగ్గుతో రాసుకున్నాను. వయసుకు నడుము వంగుతుంది గాని బార తగ్గదు.

పలక సంగతి అడగబోతే కమిటీ పెద్ద అయిన మా పెదనాన్న కొడుకు నవ్వాడు. "సొంత తాతనే రెండో నంబర్ చేస్తవా చెల్లె? జాగ కొలిచింది సుత తాతనే."

తాత ఆరడుగుల పైచిలుకు మనిషి, మా అన్నకూ అచ్చం ఆ పోలికే. పాత రాతి పునాది మీద ఇంకా నిలబడి ఉన్న ఒక ఇంటి ముందుకు తీసుకెళ్లి, మూడు బారలు కొలిచి చూపించమన్నాను. రెండు సాఫీగా సాగాయి. మూడోదానికి అతని చెయ్యి పక్కింటి కిటికీలో దూరింది.

"అన్నా, మా వంటింట్లకు వస్తున్నవ్, చాయ్ పెట్టాలా?" అని లోపలి నుంచి గొంతు వినిపించింది.

చూస్తున్నవాళ్లంతా నవ్వారు. నేను టేపు పరిచాను. పద్నాలుగు అడుగుల మూడు అంగుళాలు. మూడుతో భాగించి, పెద్దవ్వ బార నాలుగడుగుల తొమ్మిదే వచ్చిందని చెప్పాను. అన్న మాత్రం పలక మళ్లీ చెక్కించలేమనీ, అడుగున చిన్న అక్షరాల్లో ఆమె పేరు పెడదామనీ అన్నాడు. ఒకటిని ఐదు కింద రాసే లెక్క నాకు రాదన్నాను. తలపాగాలు కట్టే పెద్ద ఆడమనిషిని ఇప్పుడు నేనే, ఆ పలక గోడకెక్కితే రేపు మరో తలకు గుడ్డ చుట్టనని కూడా చెప్పాను. హాలు తెరిచారు. పలక ఇంకా గోడకు మొహం తిప్పుకుని నిలబడి ఉంది. దాంతో పాటు నేనూ నా మాట మీద నిలబడే ఉన్నాను.

ఇప్పుడు ఆ జాగాల్లో నాలుగేసి అంతస్తులు లేస్తున్నాయి. చేతులు చాపి కొలిచేవాళ్లు లేరు, చాచిన చేతుల్ని నమ్మేవాళ్లూ లేరు. మొన్న ఒక ఇంజనీరు ఎర్రచుక్క పడే మిషనుతో మా వరుసలో ఒక ఇల్లు కొలుస్తుంటే పక్కన నిలబడి చూశాను. ఆ చుక్క ఎదుటి గోడ మీద ఆగింది, అంకె వెలిగింది. పద్నాలుగు అడుగుల మూడు అంగుళాలు.