వియత్నాం క్లాసులో మా ఇంటి మాట

దయ్యం కథలు చెప్పేవాళ్లని చూస్తే నాకు చిరాకు. మాది బాప్టిస్టు చర్చికి వెళ్లే కుటుంబం. పైగా నాకు కంటినిండా నిద్రే లేదు, ఇంక దయ్యాలకి భయపడే తీరిక ఎక్కడిది? అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ బయట ఎవరికీ చెప్పలేదు.

మాది గజపతినగరం. ఇంట్లో కూర్చునే వియత్నాం వాళ్లకి ఇంగ్లీషు చెబుతాను. అక్కడ ఒక హోటల్లో పనిచేసేవాళ్లంతా హాల్లో కూర్చుంటారు, ఎదురుగా తెర మీద నేను కనిపిస్తాను. నేను ఒక వాక్యం అంటే వాళ్లంతా కలిసి అదే తిరిగి అనాలి. "మీ గది సిద్ధంగా ఉంది సార్" అని రోజంతా అనిపించీ అనిపించీ, పడుకున్నా నా చెవుల్లో అదే మోగేది.

ఆ మధ్యాహ్నం ఇంట్లో నేనూ, నా తోడికోడలు సునీతా మాత్రమే ఉన్నాం. సునీతకి నెలలు నిండాయి. కింద వంటింటి పక్క గదిలో పడుకుంది. నేను మేడ మీద హెడ్‌ఫోన్ పెట్టుకుని క్లాసు చెబుతున్నాను. గొంతు బొంగురుపోతే ఆగి నీళ్లు తాగాను.

నేనేమీ అనలేదు. అయినా హాలంతా ఒక్కసారిగా అంది: "పొంగిపోతన్నాది, సూడే!"

ముక్కలు ముక్కలుగా పలికారు గానీ మాట అదే. అలసటకి చెవులు పనిచెయ్యడం లేదనుకున్నాను. రెండోసారి కూడా అన్నారు, ఇంకా గట్టిగా.

హెడ్‌ఫోన్ పీకేసి కిందకి పరిగెత్తాను. మెట్ల మీదే గ్యాస్ వాసన. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది, గ్యాస్ మాత్రం వస్తూనే ఉంది. గ్యాస్ కట్టేసి, తలుపులన్నీ తీసి, సునీతని లేపితే లేవలేదు. ఎలా మోశానో, వరండాలోకి ఈడ్చుకొచ్చాను. తల్లీబిడ్డా ఇద్దరూ పోయారనే అనుకున్నాను. కాసేపటికి కళ్లు తెరిచింది.

"పాలెట్టి ఒరిగేనక్కా, నిద్దరొట్టీసినాది" అంది. "నువ్వేటి, ఏడస్తన్నావు?"

సాయంత్రం మా ఆయన విని తేలిగ్గా తేల్చేశారు. "సునీత నిద్దట్లో కలవరించుంటాది. నీ మైకులో ఇనబడితే ఆళ్లు అదే అనీసుంటారు."

కొట్టిపారేసే మాట కాదు. మైకులో ఏది వినిపిస్తే అది అప్పజెప్పడం మా క్లాసుకి అలవాటు. ఒకసారి వీధిలో కూరగాయల బండివాడి కేకని కూడా భక్తిగా అప్పజెప్పారు.

కానీ సునీత నన్ను అక్కా అంటుంది. చచ్చినా "సూడే" అనదు. ఈ ఇంట్లో నన్ను అలా ఒసే, సూడే అని పిలిచింది మా అత్తయ్య ఒక్కతే. పొయ్యి మీద పాలుండగా నేను ఇటు తిరిగితే చాలు, ఆ కేక పెట్టేది. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఈ మాట చెప్పగానే మా ఆయన అన్నం ముందు నుంచి లేచి వెళ్లిపోయారు.

మర్నాడు క్లాసు మొదలవగానే ముందు వరసలో ఒకమ్మాయి చెయ్యెత్తింది. నేను నేర్పిన ఇంగ్లీషులోనే పద్ధతిగా అడిగింది, నిన్న మాట్లాడిన ముసలి టీచర్ ఈ రోజు రాలేదా అని.

రాలేదన్నాను. ఏడుపు ఆగక కెమెరా ఆపేశాను.

సునీతకి ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ బాగున్నారు. ఆ మాట ఎవరన్నారో, నాకు వినబడకుండా వాళ్లకెలా వినబడిందో ఎంత ఆలోచించినా అంతుపట్టదు. ఇప్పుడు పాలు నేనే కాస్తున్నాను. ఒక్కోసారి కావాలనే ఇటు తిరిగి నిలబడతాను. పాలు పొంగిపోతాయి. ఎవరూ ఏమీ అనరు.