ఎక్కడ ఆగినా రోడ్డు వైపు నుంచే కూసిన అడవికోడి

ముందు టీ చెప్పండి, తర్వాత నవ్వుదురుగాని. ఆదివారం నుంచీ ఏలూరులో నేను షాపు షట్టర్ ఎత్తితే చాలు, ఎదురు షాపాయన "కొక్కొరొకో" అంటున్నాడు. ఆయనకెవరు చెప్పారంటారా? నేనేనండీ! నా నోరు ఊరుకుంటేగా.

నాది మైక్‌సెట్ షాపని తెలుసుగా. మా అమ్మాయికి సైన్స్ చెప్పే సుధారాణి మేడం గారు సెలవొస్తే చాలు, కామవరపుకోట అవతల అడవుల్లో పక్షుల కోసం తిరుగుతారు. అక్కడ అడవికోళ్ళు బాగా తగ్గిపోయాయండీ. ఉచ్చులేసేవాళ్ళు వేశారు, కూర వండుకునేవాళ్ళు వండుకున్నారు. ఒక్కచోట మాత్రం ఇంకా మిగిలాయని ఆవిడ నమ్మకం. కూత రికార్డు చేసి తెస్తే, గుడ్లు పెట్టే కాలంలో అక్కడ కట్టెలు కొట్టడం ఆపిస్తామని ఆఫీసర్లు మాటిచ్చారట. ఆవిడ ఎన్నిసార్లు వెళ్ళినా ఒక్క కూతా దొరకలేదు, పాపం.

ఫోన్లో అడవికోడి కూత పెట్టి స్పీకర్లో వినిపిస్తే, దగ్గర్లో పుంజుంటే పౌరుషమొచ్చి తిరిగి కూస్తుందట. ఆ స్పీకర్ కోసం నన్ను పిలిచారు. సౌండంటే నేనే కదా! చీకటితోనే నా వ్యాన్‌కి సామానెక్కిస్తుంటే మా ఆవిడ వెనకాల నిలబడి ఏదో చెప్పింది. "ఆఁ, సరే సరే" అన్నాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ నా జవాబదే.

మేడం గారినీ, వాళ్ళాయన మూర్తి గారినీ ఎక్కించుకుని అడవి చేరేసరికి తెల్లారుతోంది. వ్యాన్ రోడ్డు మీద ఆపి కాస్త లోపలికి నడిచి కూత పెట్టామా, వెంటనే జవాబొచ్చింది! మేడం గారికి కళ్ళనీళ్ళు తిరిగాయండీ. మళ్ళీ వ్యానెక్కి ఇంకాస్త ముందుకెళ్ళి ఆగాం. మళ్ళీ జవాబు. ఇంకోచోట, అక్కడా జవాబే.

"బాషా గారూ, ఎక్కడ ఆగినా రోడ్డు వైపు నుంచే కూస్తోందేమిటండీ?" అన్నారు మేడం గారు. పొద్దున్నే గింజలకి రోడ్డు మీదకొస్తాయండీ అన్నాను. అడవికోడి కూత చివర్లో టక్కున తెగిపోవాలి, ఇది సాగదీస్తోందే అని ఇంకో అనుమానం. అది అడవిలో ఎకో అండీ, సౌండ్ విషయం నాకొదిలెయ్యండి అన్నాను. చూశారా పొగరు!

నాలుగోచోట కూత పెట్టబోతుండగా నా ఫోన్ మోగింది. కంగారులో ఎత్తేశాను. ఫోనేమో స్పీకర్‌కి కనెక్టయి ఉంది. అడవంతా దద్దరిల్లేలా మా ఆవిడ గొంతు!

"ఏవండీ, కోడికి నీళ్ళు పెట్టారా? చెల్లి ఎదురు చూస్తోంది, ఎప్పుడిస్తారు?"

ఆ గొంతు గుర్తుపట్టిందో ఏమో, వ్యాన్‌లోంచి "కొక్కొరొకోఓఓ" అని బ్రహ్మాండంగా జవాబొచ్చింది.

ఎలాగూ అటే వెళ్తున్నానని, కామవరపుకోటలో మా మరదలింటికి ఇవ్వమని వైర్ల పెట్టెల వెనక గంపలో పెట్టి పంపిందండీ మా ఇంటి పుంజుని. పైన గోనెసంచి కూడా కప్పింది. నాకెక్కడ కనబడుతుంది?

మేడం గారు తిట్టినా బాగుండేది. రికార్డు చేసినవన్నీ ఒక్కొక్కటే తుడిచేస్తుంటే నాకు తల కొట్టేసినట్టయింది. వెంటనే పుంజుని మరదలింట్లో దింపి, పరుగున వెనక్కొచ్చాం. కూత పెట్టాం. ఏమీ లేదు. ఇంకోసారి పెట్టాం.

దూరంగా, కొండ వైపు నుంచి, "కొక్కొరొక్" అని తెగిపోయిందండీ ఓ కూత!

ముగ్గురం ఏం చేశామంటారు? వ్యాన్ దగ్గరికి పరిగెత్తాం. మూర్తి గారు సీటు కింద, మేడం గారు పెట్టెల వెనక, నేను ఇంజన్లో కూడా చూశాను. అక్కడ పాపం అది కూస్తూనే ఉంది. ఇక్కడ మా తలకాయలు వ్యాన్‌లో.

అదృష్టం కొద్దీ మేడం గారి ఫోన్లో రికార్డింగ్ నడుస్తూనే ఉంది. నిన్న ఆఫీసర్లు విన్నారట, ఒప్పుకున్నారట, ఈ ఏడు అక్కడ గొడ్డలి పడదట. ఆవిడ సంతోషం చూడాలి!

ఆ రికార్డింగ్ మీరూ వినండి. వెనకాల సన్నగా అడవికోడి కూత. ముందు, పెద్దగా, నేను: "మా అమ్మాయి మీద ఒట్టండీ, ఈసారి నా వ్యాన్‌లో కోడి లేదు!"