ఆముదం తాగిన పాటపెట్టె

మద్దయ్యకు కోపం ముక్కు మీదే ఉండేది. కుట్టుమిషను చెడిపోయిందని ఎవరైనా తెస్తే, "మిషను చెడలా, నువ్వు చెరిసినావు" అని తిట్టి మరీ బాగుచేసేవాడు. తిట్లు తిన్నవాళ్ళే మళ్ళీ వచ్చేవాళ్ళు. ఆదోనిలో ఆ చేతి పని అలాంటిది మరి.

ఒకప్పుడు అతను పత్తి మిల్లులో ఫిట్టరు. తమ్ముడు బజారి కూడా ఆ మిల్లులోనే పనిచేసేవాడు. ఒకనాడు బజారి పంచె ఇంజను బెల్టులో చిక్కుకుంది. "అన్నా" అని పిలిచాడట. పిలిచాడట అనే చెప్పాలి, ఎందుకంటే నాలుగు బారల దూరంలో ఉన్న మద్దయ్యకు ఆ హోరులో ఏమీ వినబడలేదు. బజారి పోయాక పక్కనున్నవాళ్ళు చెప్పారు. ఆ పైన అతను మిల్లు గడప తొక్కలేదు. స్టేషను దారిలో రేకుల కొట్టు వేసుకుని కుట్టుమిషన్లు, స్టవ్వులు, గ్రామఫోన్లు బాగుచేస్తూ బతికాడు. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళను కూడా తిట్టి పంపించాడు. వినబడని ఆ పిలుపు కోసం అతను ఎప్పుడూ చెవి ఒగ్గే ఉండేవాడు.

ఆదోని బళ్ళారి జిల్లాను వదిలి కర్నూలు జిల్లాలో కలిసిన తర్వాతి వేసవిలో, ఎమ్మిగనూరు నుంచి సిద్దప్ప అనే ముసలి నేతగాడు బస్సు దిగి వచ్చాడు. ఒక చంకలో దుప్పటి చుట్టిన గ్రామఫోను పెట్టె, ఇంకో చేతిలో దాని బూర. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నా కొడుకుదప్పా ఇది. కృష్ణప్ప అని, షోలాపురానికి మగ్గం పనికి పోయి ఆడ్నుంచి తెచ్చినాడు. మళ్ళా పోయి ఆన్నే జరమొచ్చి సచ్చిపోయినాడు. కడసూపు గూడా మాకు దక్కల్యా."

మద్దయ్య దుప్పటి విప్పుతూ ఊఁ కొట్టాడు.

"మా ఇంటామె లింగమ్మ దినామూ దీపం పెట్టే యాళకు దీన్ని పాడిస్తుండె. దీంట్లో కొడుకు పలుకుతాడంటుంది. ఇది నిల్సిపోయిన కాడ్నుంచి ఆమె సరిగ్గా కూడు తినల్యా. ఎట్లుండె దాన్ని అట్లే సేసియ్యప్పా. ఇంగేమీ అడగను."

"ప్లేటులో ఎవరు పాడింటే వాళ్ళే పలుకుతారన్నా. సచ్చినోళ్ళు యాడ పలుకుతారు?" అని మద్దయ్య విసుక్కున్నాడు. అన్నాడే గాని, ముసలాయన మొహం చూశాక గొంతు తగ్గించాడు. "ఆదివారం ఆయమ్మను గూడా పిల్సుకోని రా. పాడిస్తా."

పెట్టె విప్పి చూస్తే స్ప్రింగు విరగలేదు, చక్రాల పళ్ళు అరగలేదు. లోపలంతా ఆముదం. బండి ఇరుసుకు పోసినట్టు ఎవరో పోసి ఉంచారు. అది ఎండి జిగురైపోయింది. ప్లేటు వేగాన్ని అదుపులో పెట్టే మూడు చిన్న గుండ్లు బెల్లం పాకంలో చీమల్లా అందులో ఇరుక్కున్నాయి. "ఈ ఆముదం ఆ పోసినోళ్ళ తలకు రుద్దుకోనుంటే బుద్ధి సల్లబడుండు" అని మద్దయ్య తనలో తనే తిట్టుకున్నాడు. కీ నిండా ఇచ్చి, పెట్టెతో వచ్చిన ప్లేటు వేసి, ముల్లు ఆనించాడు. కదల్లేదు. దాన్ని అలాగే వదిలేసి, వీపు తిప్పి సంగటి తినడానికి కూర్చున్నాడు.

ఎండ నడినెత్తి మీద ఉంది. రేకుల కింద కొట్టు పొయ్యిలా కాలుతోంది. ఆ వేడికి లోపలి జిగురు కరిగింది కాబోలు, వెనక బూరలో గరగరమంది. తర్వాత గొంతు లేచింది.

ప్లేటు మీద ఉన్నది నాటకాల్లో పాడే ఒక ఆడమనిషి పద్యం. ఆ సంగతి మద్దయ్యకు తెలుసు. బూరలోంచి మాత్రం మగగొంతు వచ్చింది. నీరసంగా, ఈడ్చుకుంటూ, నడుమ నడుమ ఆగి ఊపిరి తీసుకుంటూ వచ్చింది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అది బజారి గొంతు. దూరం నుంచి పిలిచేటప్పుడు మాట చివర సాగదీసే తీరు కూడా బజారిదే. బయట దారిలో పట్టపగలు జట్కాలు పోతున్నాయి, మనుషులు మాట్లాడుకుంటున్నారు. మద్దయ్యకు మాత్రం వెనక్కి తిరిగి చూడటానికి ధైర్యం చాల్లేదు. ప్లేటు మందగించి తనంతట తానే నిలిచిపోయేదాకా అలాగే కూర్చున్నాడు.

ప్లేటు నెమ్మదిగా తిరిగితే ఆడగొంతు మగగొంతవుతుంది. ఆ పని చేసేవాడికి ఈ మాత్రం తెలియదా? తెలుసు. కారణం తెలిసినంత మాత్రాన భయం పోతే లోకంలో దయ్యాలకు పనేముంది! ఆ మధ్యాహ్నమే అతను మోటారంతా ఊడదీసి కిరసనాయిల్లో కడిగాడు. ఒకసారి కడిగితే సరిపోయేది. చేతులు మండేదాకా కడిగాడు.

ఆదివారం సిద్దప్ప భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. లింగమ్మ చిన్న మనిషి. పెట్టెను చూడగానే కొంగుతో దాని మూత తుడిచింది. మద్దయ్య కీ ఇచ్చి ముల్లు ఆనించాడు. పాట గంట కొట్టినట్టు పలికింది. కొత్తలో కూడా అంత బాగా పాడి ఉండదు.

లింగమ్మ కాసేపు విని, బూర వైపు, తర్వాత మద్దయ్య వైపు చూసింది.

"ఎవురప్పా ఈయమ్మ?"

"ప్లేటులో ఉండే ఆమేనమ్మా."

"నా కొడుకు యాడ?"

మద్దయ్య వేగం తగ్గించే మీటను జరిపాడు. గొంతు దిగింది. ఇంకా జరిపాడు. మగగొంతు వచ్చింది గాని మనిషి రాలేదు.

"వీడు కాదు," అంది లింగమ్మ. "నా కొడుకు నడమ నడమ ఊపిరి తీసుకుంటాడు."

"దీంట్లో ఆముదం పోసిండేది ఎవరమ్మా?"

"నేనే. దినామూ దీపానికి పోసి, మిగిల్న సుక్క దీనికీ పోస్తుంటి. కొడుకు పెట్టె గదా, దాన్ని ఒట్టిగా పెట్టేదెట్ల? మొదట్ల ఇట్లే ఎవురో ఒకామె పాడుతుండె. రాను రాను నా కొడుకు దగ్గరికొచ్చినాడు. యాడ పంపిచ్చినావప్పా వాణ్ణి?"

ఎట్లుండె దాన్ని అట్లే అని సిద్దప్ప అడిగిన మాట మద్దయ్యకు ఇప్పుడు గుండెలో గుచ్చుకుంది. తన భయం కొద్దీ తను కడిగాడు. పోయింది ఈమె కొడుకు. ఏళ్ళ తరబడి చుక్క చుక్కగా తెచ్చుకున్నవాణ్ణి ఒక్క పూటలో కిరసనాయిల్లో కలిపేశాడు. జీవితంలో మొదటిసారి అతనికి ఎవర్నీ తిట్టాలనిపించలేదు.

"మళ్ళా పొయ్యమ్మా," అన్నాడు. ఏ మెకానిక్కూ అనకూడని మాట అది. "దినామూ పొయ్యి. వస్తాడు."

"ఎన్ని దినాలప్పా?"

"ముందు ఎంత పట్టిందో అంత."

"అందాకా నేనుంటానా?"

మద్దయ్య పెట్టెకు దుప్పటి చుట్టి ఇస్తూ, తల దించుకుని అన్నాడు: "వచ్చిన దినం నాకు సెప్పి పంపియ్యమ్మా. ఆ గొంతులో మా తమ్ముడు గూడా పలికినాడు."

లింగమ్మ అతని నూనె చేతిని పట్టుకుంది. "పేరేమప్పా?"

"బజారి."

పక్కింటి పిల్లవాడి పేరు విన్నట్టు ఆమె తల ఊపింది.

ఆ రోజు నుంచి మద్దయ్యకు నెమ్మది లేదు. భయపడి తరిమినవాడి కోసమే ఎదురుచూడటం మొదలుపెట్టాడు. బాగుచేయమని వచ్చిన ప్రతి గ్రామఫోను మీదా, తిరిగే ప్లేటు అంచుకు వేలు ఆనించి, గొంతు దించి వినేవాడు. మద్దయ్యకు మతి తప్పిందని జనం అనుకున్నారు. ఎన్ని ప్లేట్లు తిప్పినా బజారి రాలేదు. పైగా తమ్ముడి అసలు గొంతు తలచుకోబోతే, ఆ మధ్యాహ్నం విన్న గొంతే గుర్తొచ్చేది. ఉన్న గొంతు కూడా పోయిందని అతను కుమిలిపోయాడు.

రెండు వేసవులు గడిచాక, ఎమ్మిగనూరు బస్సు దిగిన ఒక నేతగాడు కొట్టు ముందు నిలబడి, "వచ్చినాడని సెప్పమనె లింగమ్మ. బిరీన రమ్మనె, ఆమెకు బాగల్యా" అన్నాడు. మద్దయ్య చేతిలో పని అక్కడే పడేశాడు. చేతులు తోముకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని బస్సెక్కాడు.

దీపాల వేళకు ఇల్లు చేరాడు. మగ్గం గుంత పక్కన చాప మీద లింగమ్మ గోడకు ఆనుకుని ఉంది. ఎముకల గూడు మిగిలింది. అతన్ని చూసి నవ్వి, సిద్దప్పకు సైగ చేసింది. సిద్దప్ప కీ ఇచ్చాడు. గరగర అయ్యాక మగగొంతు నీరసంగా లేచింది. అదే ఆగి ఆగి రావడం, అదే ఊపిరి. లింగమ్మ చెంపల మీద నీళ్ళు ధారగా కారాయి.

మద్దయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. ఒక గుండు ఇరుక్కుంది. స్ప్రింగు జారి పట్టుకుంటోంది. ఇదిగో, ఈ ఊపిరి పెద్ద చక్రం పన్ను దగ్గరది. ఒక్కొక్క ఆగుడూ ఎక్కణ్ణుంచి వస్తోందో వేలు పెట్టి చూపించగలడు. బజారి ఎక్కడా లేడు. రెండేళ్ళు వేచి, అంత దూరం వచ్చి, అతనికి వినబడింది ఆముదం. నేర్చిన విద్య అతని చెవిని తినేసింది.

"పలికినాడా మీ బజారి?" అంది లింగమ్మ.

"పలికినాడమ్మా."

"ఏమంటాండాడు?"

"అన్నా అని పిలుస్తాండాడు."

"బిడ్డ పిలుస్తాంటే గమ్మున కూసుంటావేమప్పా? పలుకు."

అతను మోకాళ్ళ మీద బూర దగ్గరికి జరిగాడు. లింగమ్మ చూస్తూనే ఉంది. చివరికి అతను ఆ చీకటి బూరలోకి వంగి, "ఓ, బజారీ," అన్నాడు. "వినబడిందిరా. వస్తాండా."